ఆదివారం వండి వారమంతా తినడం: మన తిరుపతి ఎండలకు ఏది ఎన్నాళ్లు నిలుస్తుంది?

కొర్లగుంట_ఇల్లాలు | ఆదివారం, సాయంత్రం 5:40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. బడికి పోయే పిల్లలు ఇద్దరు, షుగరున్న మామగారు. పొద్దున ఏడున్నరకల్లా నాలుగు డబ్బాలు కట్టి, మామగారికి మధ్యాహ్నం భోజనం మూతపెట్టి ఉంచి బయలుదేరాలి. అందుకని ఆదివారమే వారానికి కావలసిన పని చేసి పెట్టుకుంటాను. ఈ పద్ధతి మీద వీడియోలు కొల్లలుగా ఉన్నాయి కానీ చాలావాటిలో ఒకే కూర వండి ఐదు డబ్బాల్లో సర్దేస్తారు. మన ఇళ్లలో అది నడవదు. రెండో రోజుకే పిల్లలు మొహం తిప్పుకుంటారు, మూడో రోజుకు మన ఎండలు దాన్ని తిననివ్వవు.

నేను నమ్మేది ఒకటే. పూర్తయిన కూరలు దాచకండి, సగం పనైన సరుకు దాచండి. ఉడికిన పప్పు, మగ్గిన ఎర్రగడ్డ టమాటా ముద్ద, ఉడికిన ఉలవలు, దోశ పిండి, ఏరి ఆరబెట్టిన ఆకుకూర, పొడులు. తిరువాత మాత్రం ఏ రోజుకారోజు పెట్టాలి. వేడి నూనెలో ఆవాలు చిటపటమని కరివేపాకు వాసన వచ్చిందంటే ఇంట్లో వాళ్లకు అది ఆ రోజు వంటే.

ఒక్క ఉదాహరణ చెప్తాను. అరకిలో కందిపప్పు పసుపు వేసి మెత్తగా ఉడికిస్తాను. ఉప్పు, చింతపండు వెయ్యను. చల్లారగానే మూడు చిన్న డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెడతాను. సోమవారం ఒక డబ్బా టమాటా పప్పు. మంగళవారం పాలకూర పప్పు. బుధవారం మిగిలిన డబ్బాలో నీళ్లు, చింతపండు పులుసు, ములక్కాడ వేస్తే పప్పుచారు. నలుగురైదుగురికి మూడు పూటలు వస్తుంది. బుధవారం దాటనివ్వను. గురువారానికి కుక్కర్ మళ్లీ ఒకసారి ఎక్కుతుంది, అంతే.

మీ ఇళ్లలో ఏం చేస్తారో చెప్పండి. చెప్పేటప్పుడు కొలత ఎంత, ఎంతమందికి, ఫ్రిజ్‌లోనా బయటా, ఎన్ని రోజులు అన్నది కూడా రాస్తే అందరికీ పనికొస్తుంది. "చాలా బాగుంటుంది" అని ఊరుకుంటే చదివినవాళ్లు వండుకోలేరు కదా.

శ్రీసిటీ_బస్సు | 6:05

అక్కా, బాగా చెప్పారు. నేను రోజూ తెల్లవారుజామునే కంపెనీ బస్సు ఎక్కాలి. మా ఆవిడది ఆసుపత్రి డ్యూటీ, వారానికో షిఫ్టు. నాకు కూర సమస్య కాదు, అన్నం సమస్య. ఆదివారం రాత్రే మూడు రోజుల అన్నం వండి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఏమన్నా అవుతుందా? పొద్దున వేడి చేసుకుని పోతాను.

మైక్రోబయాలజీ_చెల్లి | 6:31

అన్నా, అన్నం విషయంలో కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు. నేను చదివేది ఇదే సబ్జెక్టు.

బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజకణాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గిన్నెలోనే గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషపదార్థాన్ని వదులుతాయి. తర్వాత మీరు ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. "మళ్లీ మరిగించాం కదా" అన్న ధీమా అన్నం దగ్గర పనికిరాదు.

బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ అన్నాన్ని గంటలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి ఒక రోజులోపే తినేయమంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ మామూలు వండిన పదార్థాలకు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు గడువిస్తుంది. అది కూడా 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ చల్లదనం ఉన్న ఫ్రిజ్‌లో. బయట ఉంచే గడువు రెండు గంటలు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన తిరుపతిలో మార్చి నుంచి జూన్ దాకా వంటింటి వేడి ఎంతుంటుందో మీకు తెలుసు. కాబట్టి మనకు ఎప్పుడూ ఒక్క గంట లెక్కే.

మూడు రోజుల అన్నం వద్దన్నా. రాత్రి బియ్యం కొలిచి కుక్కర్ పక్కన పెట్టుకోండి. లేవగానే కడిగి ఎలక్ట్రిక్ కుక్కర్‌లో వేస్తే మీరు స్నానం చేసి వచ్చేలోపు అయిపోతుంది.

చిత్తూరు_పెద్దమ్మ | 7:02

చెల్లెమ్మా, నువ్వు చెప్పింది చదివాను. మరి మేమంతా సద్దన్నం తిని పెరిగినవాళ్లమే. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పెడితే పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయతో తిని చేనికి పోయేవాళ్లు. సంగటి కూడా అంతే. రాత్రి ముద్ద పొద్దున మజ్జిగలో పిసుక్కుని తాగేవాళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు. దాన్ని తప్పంటే మనసు ఒప్పుకోదు తల్లీ.

మైక్రోబయాలజీ_చెల్లి | 7:20

పెద్దమ్మా, తప్పని నేను అనడం లేదు. మీరు చెప్పేదానికి, నేను వద్దనేదానికి తేడా ఉంది. సద్దన్నంలో నీళ్లుంటాయి. ఆ నీళ్లలో మంచి బాక్టీరియా పెరిగి పులుపు పుడుతుంది, ఆ పులుపులో చెడ్డవి అంత తేలిగ్గా పెరగలేవు. మజ్జిగ చుక్క వేసి పెడితే పులుపు ఇంకా త్వరగా వస్తుంది. పైగా అది రాత్రి వండి పొద్దున తినేసేది, మూడు రోజులు ఉంచేది కాదు. శుభ్రమైన కుండ, మంచి నీళ్లు, పొద్దున్నే తినేయడం, ఈ మూడూ ఉంటేనే సద్ది. పొడిగా గిన్నెలో వదిలేసిన అన్నం సద్ది కాదు.

చిత్తూరు_పెద్దమ్మ | 7:34

అదీ మాట. మా అమ్మ కూడా వేడన్నం మీద నీళ్లు పోయనిచ్చేది కాదు. ఆరిన తర్వాతే పోయాలనేది. రాత్రి ఆఖరున అందరూ తిన్నాక పోసేవాళ్లు.

వంటల_మేస్త్రి | 8:15

చల్లార్చడం గురించి మాట వచ్చింది కాబట్టి నా వంతు చెప్తాను. పెళ్లిళ్లకు, అన్నదానాలకు వండుతుంటాం. వంట పాడయ్యేది ఎక్కువగా పొయ్యి మీద కాదు, పొయ్యి దించాక. లోతు గుండిగలో మూతపెట్టి వదిలేసిన సాంబారు నాలుగు గంటలైనా నడిమధ్యలో వెచ్చగానే ఉంటుంది. పైన ముట్టుకుంటే చల్లగా అనిపిస్తుంది, గరిట అడుగు దాకా దింపి చూడండి, తెలుస్తుంది.

ఇంట్లో చేయాల్సింది ఇదీ. ఉడికిన పప్పయినా కూరైనా వెడల్పాటి తాంబాళంలో రెండు వేళ్ల మందం మించకుండా పోయండి. పెద్ద బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, ఆ తాంబాళం అందులో నిలబెట్టి, పైన ఫ్యాను వేయండి. మధ్యలో రెండుసార్లు శుభ్రమైన గరిటతో కలపండి. అరగంటలో ఆరిపోతుంది. మూత మాత్రం ఆవిరి పోయాకే పెట్టాలి. ఆవిరి మూతకు పట్టి నీటి చుక్కలు మళ్లీ కూరలో పడితే అక్కడే చెడడం మొదలవుతుంది.

ఫ్రిజ్‌లో డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఇరికించవద్దు, గాలి ఆడాలి. తలుపు అరల్లో పాలు, వండినవి పెట్టొద్దు. తలుపు తెరిచినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే.

కొర్లగుంట_ఇల్లాలు | 8:40

మేస్త్రీ గారూ, ఈ బేసిన్ ఉపాయం రేపటి నుంచే మొదలు. చాలా థాంక్స్.

భవానీనగర్_పీజీ | 9:10

నేను కోచింగ్ కోసం తిరుపతి వచ్చాను. గదిలో ఫ్రిజ్ లేదు. ఎలక్ట్రిక్ కుక్కర్ ఒకటి, నీళ్లు కాచుకునే కెటిల్ ఒకటి. హోటల్ తిండికి డబ్బులు చాలడం లేదు, కడుపూ బాగుండడం లేదు. నాలాంటి వాళ్లకు ఏమన్నా దారి ఉందా?

తిరుచానూరు_అమ్మ | 9:28

ఉంది నాన్నా, ఎందుకు లేదు. ఫ్రిజ్ రాకముందు మన ఇళ్లు నడవలేదా? నీకు కావలసింది తడి లేనివి, పులుపువి.

ముందు ఉప్మా రవ్వ. మా అబ్బాయి చదువుకునేటప్పుడు ఇదే పంపేదాన్ని. అరకిలో బొంబాయి రవ్వ సన్నసెగ మీద మంచి వాసన వచ్చేదాకా వేయించి పక్కన పెట్టాలి. అదే బాణలిలో నాలుగైదు చెంచాల నూనె వేసి ఆవాలు, శనగపప్పు, మినపప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయించాలి. కరివేపాకు చేత్తో నలిపితే గలగల విరగాలి. మెత్తగా ఉందంటే అందులో ఇంకా తడి ఉన్నట్టే, అలా వదిలేస్తే రవ్వ బూజు పడుతుంది. తర్వాత రవ్వ, ఉప్పు, కాస్త శొంఠిపొడి కలిపి పూర్తిగా ఆరాక గట్టి మూత డబ్బాలో పోయాలి. పచ్చిమిర్చి, ఎర్రగడ్డ వద్దు. పదిహేను రోజులు బయటే నిలుస్తుంది. గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల మరిగే నీళ్లు పోసి మూతపెట్టు. నీ కెటిల్ చాలు.

రెండోది పులిహోర గుజ్జు. పావుకిలో చింతపండు వేడి నీళ్లలో నానబెట్టి చిక్కగా తీసుకుని, నువ్వుల నూనె ధారాళంగా వేసి, ఉప్పు, పసుపు, ఎండుమిర్చితో నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. తడి లేని గాజు సీసాలో పెడితే పది రోజులు బయట ఉంటుంది. చెనక్కాయ పప్పులు మాత్రం అందులో వెయ్యకు, మెత్తబడిపోతాయి. వేయించినవి విడిగా ఉంచుకుని తినేటప్పుడు కలుపుకో. చెంచా ఎప్పుడూ పొడిగా ఉండాలి. తడి చెంచా ఒక్కసారి పెట్టావంటే సీసా మొత్తం పోయినట్టే.

పలమనేరు_పిల్ల | 9:41

తమ్ముడూ, అమ్మ చెప్పినవాటికి చెనక్కాయ పొడి కూడా కలుపుకో. వేయించి పొట్టు తీసిన చెనక్కాయ పప్పులు పావుకిలో, ఎండుమిర్చి పది, ఉప్పు, జీలకర్ర. తెల్లగడ్డ వేస్తే రుచే కానీ బయట ఉంచేదానికి వెయ్యకపోవడం మంచిది. వేడి అన్నం, పొడి, నెయ్యి, పక్కన ఒక ఉడికిన గుడ్డు. గుడ్డు కుక్కర్‌లోనే అన్నం మీద ఆవిరికి ఉడికించుకోవచ్చు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, రోజుకొక పచ్చిది తిను. కీరానో, టమాటానో, జామకాయో. పొడులతోనే గడిపితే నెల తిరిగేసరికి ఒంట్లో సత్తువ ఉండదు.

భవానీనగర్_పీజీ | 9:55

అమ్మా, అక్కా, దండాలు. ఈ వారం రవ్వతో మొదలుపెడతాను.

రేణిగుంట_రైల్వే | సోమవారం, ఉదయం 6:15

ఆకుకూరల గురించి. ఆదివారం పొద్దున రైతుబజారుకు పోతే తోటకూర, పాలకూర, చుక్కకూర కట్టలు తాజాగా దొరుకుతాయి కానీ మంగళవారానికి వాడిపోతాయి. నేను పేపర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెడతాను. గురువారం దాకా బాగుంటున్నాయి.

మైక్రోబయాలజీ_చెల్లి | ఉదయం 7:00

అన్నా, పద్ధతి మంచిదే కానీ న్యూస్ పేపర్ వద్దు. ఆ సిరాలో సీసం లాంటి లోహాలు ఉంటాయి, తడి తగిలితే ఆకుకు అంటుకుంటాయి. తినే వస్తువులు పేపర్లో చుట్టవద్దని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2023లో కూడా గట్టిగా చెప్పింది. పాత నూలు పంచె ముక్కలు ఉతికి ఆరబెట్టినవి వాడండి. ఫలితం అదే.

కొర్లగుంట_ఇల్లాలు | ఉదయం 7:12

అవును. నేను కట్ట విప్పి వేళ్లు కోసేసి, కుళ్లిన ఆకు ఒక్కటి కూడా లేకుండా ఏరతాను. ఒక్క కుళ్లిన ఆకు పక్కన ఉన్నవాటిని కూడా తినేస్తుంది. వెంటనే వాడేది కడుగుతాను, మిగతాది కడక్కుండానే గుడ్డలో చుడతాను. కడిగి పెట్టాలనుకుంటే పూర్తిగా ఆరాలి, చుక్క తడి ఉన్నా నల్లబడుతుంది. కొత్తిమీర మాత్రం గ్లాసులో రెండు వేళ్ల నీళ్లు పోసి వేళ్లు మునిగేట్టు నిలబెడతాను.

బీన్స్, క్యారెట్, క్యాబేజీ తరిగి పెట్టుకోవచ్చు, మూడు రోజులు ఉంటాయి. వంకాయ, ఉర్లగడ్డ తరిగి పెట్టకండి, నల్లబడతాయి. బెండకాయ ముందురోజు రాత్రి కడిగి ఆరబెట్టి ఉంచి, పొద్దున కోయండి. తరిగి ఉంచితే జిగురు.

పలమనేరు_పిల్ల | ఉదయం 10:30

నా వంతు టమాటా. మాది టమాటా పండించే ఇల్లు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటి పోయినప్పుడు అందరూ మా వైపు చూశారు కానీ, మామూలు రోజుల్లో కోత కూలి కూడా గిట్టని రేటుకు అమ్ముకునేది మేమే. అందుకే చెప్తున్నాను, చవగ్గా ఉన్నప్పుడు ఐదు కిలోలు కొని ముద్ద చేసి పెట్టుకోండి. మీకూ మంచిది, మాకూ మంచిది.

రెండు కిలోల బాగా పండిన టమాటాలు, అరకిలో ఎర్రగడ్డలు. ముందు ఎర్రగడ్డలు నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి, తొందరపడొద్దు. తర్వాత టమాటా ముక్కలు, ఉప్పు, పసుపు. మొదట నీళ్లన్నీ ఊరి గిన్నె నిండా పులుసులా కనిపిస్తుంది. సెగ తగ్గించి అలాగే వదలండి. కాసేపటికి బుడగలు చిన్నవై చిటపటమని ఎగిరి చేతుల మీద పడతాయి. అప్పుడు మూత ఓరగా పెట్టి కలుపుతూ ఉండాలి. ముద్ద అంచులు వదిలి, గరిటతో గీస్తే అడుగు కనిపించి మళ్లీ మూసుకోకుండా ఉంటే అయినట్టు. పక్కలకు నూనె ఊరుతుంది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. ఎక్కువుంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టాక కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో రెండు నెలలు. గుడ్డు కూరకు నాలుగు గడ్డలు, టమాటా పప్పుకు మూడు, చారుకు రెండు. కరిగేదాకా ఆగక్కర్లేదు, నేరుగా తిరువాతలో వేసేయడమే.

శ్రీసిటీ_బస్సు | మధ్యాహ్నం 1:20

అక్కా, గుడ్డు కూర నాలుగు గడ్డలతో అయిపోతుందంటే నాకు కొండంత ధైర్యం వచ్చింది. మరి చికెన్? ఆదివారం తెచ్చి మసాలా పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెడితే బుధవారం దాకా ఉంటుందా?

వంటల_మేస్త్రి | మధ్యాహ్నం 2:45

ఉండదు తమ్ముడూ. పచ్చి చికెన్ ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే, పెరుగు పట్టించినా అంతే. సోమవారానికి కావలసింది కింద అరలో, గిన్నెలో పెట్టుకో. దాని నీళ్లు మిగతావాటి మీద కారకూడదు. బుధవారానిది ఆదివారమే మసాలా పట్టించి ఫ్రీజర్‌లో పెట్టేయ్. మంగళవారం రాత్రి ఫ్రీజర్‌లోంచి కింద ఫ్రిజ్ అరలోకి దించు, పొద్దుటికి కరిగి ఉంటుంది. బయట గట్టు మీద పెట్టి కరిగించవద్దు. ఒకసారి కరిగింది మళ్లీ పచ్చిదిగానే గడ్డకట్టించవద్దు.

నైట్‌డ్యూటీ_నర్సు | సాయంత్రం 4:50

నేను రాత్రి ఎనిమిదికి డ్యూటీకి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగుతాను. తినేది ఒంటిగంటకో రెండింటికో, కొన్నిసార్లు మూడింటికి. వార్డులో ఫ్రిజ్ మందులకే, మన తిండికి కాదు. సాయంత్రం కట్టిన కూర అన్నం డబ్బా తీసేసరికి వాసన మారిపోతోంది. నాకు ఏది మంచిది?

తిరుచానూరు_అమ్మ | సాయంత్రం 5:15

తల్లీ, నీకు పెరుగన్నమే దిక్కు, కానీ పెరుగుతో కలపకు. అన్నం మెత్తగా ఉడికించి గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు పోసి పలుచగా కలుపు. అందులో ఒక్క చెంచా పెరుగు. ఉప్పు తినేటప్పుడు. అల్లం, కరివేపాకు తిరువాత పెట్టి డబ్బా కట్టు. నువ్వు తినే వేళకు అది డబ్బాలోనే తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు. ఎండాకాలం అయితే పెరుగు అర చెంచాకు తగ్గించు. పక్కన మాగాయో, చెనక్కాయ పొడో.

మైక్రోబయాలజీ_చెల్లి | సాయంత్రం 5:40

అమ్మ చెప్పింది చాలా సరైనది. తోడు పడే కొద్దీ పులుపు పెరిగి అదే కాపాడుతుంది. అన్నం, పాలు, చెంచా అన్నీ శుభ్రంగా ఉండాలి, అంతే. కూర అన్నమే కావాలంటే మంచి స్టీలు ఫ్లాస్కు డబ్బా కొనుక్కోండి. ముందు అందులో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, అప్పుడు పొగలు కక్కే కూర పెట్టండి. 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు బాక్టీరియా పెరగదు. గోరువెచ్చగా పెడితే మాత్రం ఆ ఫ్లాస్కే బాక్టీరియాను పెంచుతుంది.

కొర్లగుంట_ఇల్లాలు | రాత్రి 8:05

మామగారి షుగరు గురించి ఇద్దరు మెసేజ్ పెట్టి అడిగారు, ఇక్కడే చెప్తాను. మందులు, మోతాదు డాక్టరు గారి మాటే. వంట వరకు నేను చేసేది ఇది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని ఉంది. నాకు ఆ ఒక్క మాట చాలా సాయం చేసింది. ముందు కూర వడ్డించి, మిగిలిన సగంలోనే సంగటి, పప్పు సర్దుతాను.

సంగటి ముందే చేసి పెట్టే వస్తువు కాదు. ఆరిన ముద్ద మళ్లీ వేడి చేస్తే రబ్బరులా సాగుతుంది. పిండి ఆడించి ఉంచుకుని, బియ్యం నూక రాత్రి కొలిచి పెట్టుకుంటే పొద్దున పావుగంట పని. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే. ఆ వయసులో ఎముకలకు అవసరం.

ముందే చేసి పెట్టుకునేది పక్కన కూర. వంకాయ, టమాటా, పచ్చిమిర్చి, చింతపండు, గోంగూర ఉంటే గుప్పెడు, అన్నీ ఉడికించి పప్పుగుత్తితో ఎనిపితే పుల్లగూర. పులుపుంది కాబట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు మంచిగా ఉంటుంది, రెండో రోజు ఇంకా రుచి. చెనక్కాయల ఊరిబిండి మాత్రం ఏ రోజుకారోజే. నీళ్లు పోసి నూరింది మర్నాటికి జిడ్డు వాసన వస్తుంది. చెనక్కాయలు వేయించి పెట్టుకోండి, నూరడం అప్పటికప్పుడు.

ఉలవలు శనివారం రాత్రి నానబెడతాను. ఆదివారం ఉడికించి నీళ్లు వంచి చారుకు దాస్తాను, గింజలు తిరువాతతో గుగ్గిళ్లు. సాయంత్రం ఆకలికి మామగారు బిస్కెట్ల జోలికి పోకుండా అవే తింటారు.

చిత్తూరు_పెద్దమ్మ | రాత్రి 8:30

అనపకాయల (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయలు) కాలం వస్తోంది కదా, పితికిపప్పు సంగతి చెప్పనీ. సంక్రాంతి ముందు కాయలు బాగా దొరుకుతాయి. ఒలిచిన గింజలు రాత్రి నీళ్లలో వేస్తే పొద్దుటికి తోలు ఉబ్బుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కితే పప్పు టక్కున జారుతుంది. పని ఎక్కువ, కిలో పితికేదానికి ఇద్దరు కూర్చోవాలి. మా కోడలు మూడు నాలుగు కిలోలు ఒకేసారి పితికించి, తడి ఆర్చి, పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో వేస్తుంది. ఉగాది దాకా ఉంటాయి. కరిగించకుండా నేరుగా మరిగే పులుసులో వేసేస్తుంది. నేను మొదట నమ్మలేదు, తిన్నాక ఒప్పుకున్నాను. పప్పు మెత్తబడలేదు, తాజా కాయల వాసన కూడా పోలేదు.

రేణిగుంట_రైల్వే | రాత్రి 9:05

మా వైపు ఎండాకాలం కరెంటు పోతే ఒక్కోసారి గంటలు పడుతుంది. ఇంత చేసి ఫ్రిజ్‌లో పెట్టాక కరెంటు పోతే?

మైక్రోబయాలజీ_చెల్లి | రాత్రి 9:18

తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లదనం నిలుపుతుంది. ఫ్రీజర్ నిండుగా ఉంటే రెండు రోజులు, సగమే ఉంటే ఒక రోజు. ఖాళీగా ఉన్న ఫ్రీజర్‌లో నీళ్ల సీసాలు ముప్పావు వంతు నింపి పెట్టండి, అవి మంచులా పనిచేస్తాయి. నాలుగు గంటలు దాటితే వండిన పప్పు, కూర, పాలు తీసేయాలి. రుచి చూసి తేల్చుకోవద్దన్నా, చెడ్డ బాక్టీరియాకు చాలాసార్లు రుచీ వాసనా ఉండవు.

తిరుచానూరు_అమ్మ | రాత్రి 9:40

శనివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. మన ఊళ్లో చాలా ఇళ్లలో శనివారం ఒక్కపొద్దు, ఎర్రగడ్డ తెల్లగడ్డ ముట్టరు. కార్తీకంలో అయితే సోమవారాలు కూడా. కాబట్టి టమాటా ముద్ద చేసేటప్పుడే సగం ఎర్రగడ్డ లేకుండా తీసి వేరే డబ్బాలో పెట్టి పేరు రాయండి. నేను బట్టల దుకాణం అట్ట ముక్క మీద రాసి రబ్బరు బ్యాండు వేస్తాను. ఏం వస్తువు, ఏ తారీకు, శనివారానికా కాదా. ఇంట్లో ఎవరు తలుపు తీసినా నన్ను అడగక్కర్లేదు.

రాత్రి పలహారానికి దోశ పిండి ఉంటే చాలు. నాలుగు గ్లాసుల ఉప్పుడు బియ్యానికి గ్లాసు మినపగుళ్లు, చెంచా మెంతులు. ఎండాకాలం ఐదారు గంటల్లో పొంగుతుంది, డిసెంబరులో రాత్రంతా కావాలి. పొంగిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. వారమంతటికీ కావాలంటే సగం పిండి పొంగకముందే ఉప్పు వెయ్యకుండా తీసి ఫ్రిజ్‌లో దాచి, బుధవారం రాత్రి బయట పెట్టండి. మొదటి రెండు రోజులు ఇడ్లీ, మూడో రోజు దోశ, నాలుగో రోజుకు పులిసిందంటే ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, నానిన శనగపప్పు కలిపి గుంత పొంగనాలు. ఆ పులుపు పొంగనాలకే అందం.

నైట్‌డ్యూటీ_నర్సు | మంగళవారం, ఉదయం 8:50

డ్యూటీ దిగి రాస్తున్నాను. రాత్రి పాలు పోసిన అన్నం తీసుకుపోయాను. రెండున్నరకు తిన్నాను. పక్క బెడ్ పేషెంట్ వాళ్లమ్మ వాసన చూసి ఎవరు చేశారని అడిగింది. అమ్మా, మీకు చెప్పలేనంత సంతోషం.

శ్రీసిటీ_బస్సు | ఉదయం 11:15

వచ్చే ఆదివారం నేను, మా ఆవిడ కలిసి మొదలుపెడదామనుకుంటున్నాం. మొదటిసారి కాబట్టి ఏ వరసలో చేయాలో చెప్పండి. వంటింట్లో పొయ్యిలు రెండే.

కొర్లగుంట_ఇల్లాలు | మధ్యాహ్నం 12:40

శనివారం రాత్రి పడుకునే ముందు ఉలవలు, మినపగుళ్లు, బియ్యం నానబెట్టండి. ఎండాకాలమైతే మినపగుళ్లు ఫ్రిజ్‌లో నానబెట్టాలి. ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే మార్కెట్టు. ఇంటికి రాగానే ఆకుకూర ఏరి ఆరబెట్టడం ఒకరు, టమాటాలు కడిగి తరగడం ఇంకొకరు. ఒక పొయ్యి మీద టమాటా ముద్ద ఎక్కించండి, దానికి గంట పైనే పడుతుంది. రెండో పొయ్యి మీద కుక్కర్లో ముందు పప్పు, తర్వాత ఉలవలు. పప్పు దించగానే మేస్త్రి గారు చెప్పినట్టు తాంబాళంలో పోసి నీళ్ల బేసిన్‌లో పెట్టండి. అది ఆరేలోపు గ్రైండర్‌లో పిండి. చికెన్ అన్నిటికన్నా ఆఖరున ముట్టుకోండి. మసాలా పట్టించి ఫ్రీజర్‌లో పెట్టాక కత్తి, పలక సబ్బుతో కడిగి, గట్టు తుడిచేయండి.

మొదటి వారం ఇన్నీ వద్దనుకుంటే పప్పు, టమాటా ముద్ద, దోశ పిండి చాలు. మీ ఆవిడ షిఫ్టు ఏ వారం ఏదో చెప్తే డబ్బాలు ఎలా మార్చాలో మళ్లీ మాట్లాడుకుందాం.

శ్రీసిటీ_బస్సు | మధ్యాహ్నం 1:05

వచ్చే వారం ఆవిడది నైట్ అక్కా. పిండి నేనే రుబ్బుతాను.